ఇంటిదగ్గర ఉండిపోయిన పిల్లలు



కోనసీమలో ఒక ఇల్లు ఊహించుకుందాం. పేర్లు అక్కర్లేదు, అలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. ముగ్గురు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, ఎనిమిదో తరగతి. నడిపివాడికి ఆరేళ్ళు. ఆఖరివాడికి నాలుగేళ్ళు, అంగన్‌వాడీకి వెళ్తాడు. నడిపివాడికి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఒళ్ళు పాలిపోయింది. కాళ్ళు లాగేస్తున్నాయని రాత్రిళ్ళు ఏడుస్తున్నాడు. దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలంగా మచ్చలు తేలుతున్నాయి. ఊళ్ళో డాక్టరుగారు మందులిచ్చి చూశారు. అమలాపురంలో రక్తపరీక్ష చేయించారు. కాకినాడ వెళ్ళమన్నారు. కాకినాడలో, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం తీసుకెళ్ళండి అన్నారు.

ఆ సాయంత్రమే తల్లి సంచి సర్దుకుంది. తండ్రి నాలుగిళ్ళు తిరిగి చేబదులు పుచ్చుకొచ్చాడు. అమ్మమ్మకి కబురెళ్ళింది. గుమ్మంలో నిలబడ్డ మిగతా ఇద్దరికీ తల్లి చెప్పిన మాట ఒక్కటే. "తమ్ముడికి జ్వరం తగ్గట్లేదమ్మా. రెండ్రోజుల్లో వచ్చేస్తాం. అమ్మమ్మని విసిగించకండి."

ఆ రెండ్రోజులు నెల దాటిపోతాయి. ఈ ప్రసంగం ఆ మిగతా ఇద్దరి గురించి.

ముందు జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ల్యుకేమియా, మనం బ్లడ్ క్యాన్సర్ అంటాం. అందులోనూ పిల్లల్లో మామూలుగా వచ్చే రకానికి వైద్యం మొత్తం 2 నుంచి 3 ఏళ్ళు సాగుతుంది. మొదటి నెల ఆసుపత్రిలోనో, ఆసుపత్రి పక్కన గది తీసుకునో ఉండాలి. తర్వాత కొన్ని నెలలు వస్తూ పోతూ గట్టి కీమో. ఆపైన చాలాకాలం ఇంటిదగ్గర మాత్రలు మింగుతూ పరీక్షలకు వెళ్ళి రావడం. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతికి బయటపడుతున్నారు. అన్ని దేశాలనూ కలుపుకుని 2030 నాటికి కనీసం 60 శాతం మందిని బతికించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. కాబట్టి క్యాన్సర్ అన్న మాట చెవిన పడగానే ఆశ వదులుకోవలసిన రోజులు కావివి. పోరాడవలసిన రోజులు. ఇల్లు ఇల్లంతా ఆ పోరాటంలోకి దిగుతుంది. దిగాలి కూడా.

అమలాపురానికి రైలు లేదు. రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి చేరి, అక్కడ రైలెక్కి, దువ్వాడలో దిగి, అగనంపూడి వెళ్ళాలి. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అక్కడుంది. కొందరు హైదరాబాదు వెళ్తారు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికో. ఎటు వెళ్ళినా వందల కిలోమీటర్లు. అక్కడ పిల్లాణ్ణి చూసే డాక్టర్లు ఉంటారు, నర్సులు ఉంటారు, తల్లిదండ్రులతో మాట్లాడే సోషల్ వర్కర్లు ఉంటారు. కానీ ఆ అక్కనీ, ఆ చిన్నవాణ్ణీ వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ చూడరు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్నారన్నది కాగితం మీద ఒక అంకె, అదీ ఎవరైనా అడిగితే.

మన డెల్టా రైతులకు శివారు చేను అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో నీళ్ళు తగ్గిన ఏడాది వంతులవారీగా కాలువలు వదులుతారు. ఎగువ చేలు తడుస్తాయి. శివారు చేనుకి నీరందేసరికి పైరు పసుపుపచ్చబడి ఉంటుంది. ఆ రైతుమీద ఎవరికీ కోపం లేదు, ఎవరూ కావాలని చేసింది కాదు. ఉన్న నీళ్ళే అన్ని. క్యాన్సర్ వచ్చిన ఇంట్లో అమ్మానాన్నల మనసు అలాగే ఉంటుంది. జబ్బుపడ్డ బిడ్డ దగ్గరే అదంతా అయిపోతుంది. మిగతా పిల్లల దాకా రాదు.

ఈ సంగతి కొత్తగా ఇవాళ కనిపెట్టింది కాదు. అమెరికాలో 1979లోనే కొందరు పరిశోధకులు క్యాన్సర్ ఉన్న పిల్లల్నీ, వాళ్ళ తోబుట్టువుల్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. కొన్ని విషయాల్లో రోగి కన్నా తోబుట్టువే ఎక్కువ బాధపడుతున్నట్టు తేలింది. నాకెవరూ లేరన్న భావన, అమ్మానాన్నలు వాడినే నెత్తిన పెట్టుకుంటున్నారన్న బాధ, మనసులో ఉన్న చెడు మాట ఇంట్లో చెబితే ఏమవుతుందోనన్న భయం. ఆ మూడోది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. బాధ ఉండడం ఒకటి. ఆ బాధ చెప్పుకోవడమే తప్పు అనుకోవడం ఇంకొకటి. తర్వాత 2010లో, అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన 65 పరిశోధన పత్రాలను ఒకచోట చేర్చి చదివినవాళ్ళు ఒక ఊరటనిచ్చే మాటా చెప్పారు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి మానసిక వ్యాధి అనదగ్గదేమీ రాదు. కానీ దిగులు, భయం, కోపం, చదువులో వెనకబడడం మాత్రం కనిపిస్తాయి, ముఖ్యంగా జబ్బు బయటపడ్డ తొలి రెండేళ్ళలో. కొందరు వయసుకు మించిన పరిపక్వత, ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకునే గుణం అలవరచుకుంటారు కూడా. 2015లో అక్కడి నిపుణులు, క్యాన్సర్ పిల్లల కుటుంబాల మానసిక సంరక్షణకు 15 ప్రమాణాలు రాసుకున్నారు. అందులో ఒకటి పూర్తిగా తోబుట్టువుల కోసం. ఆసుపత్రికి రాలేని తోబుట్టువుల అవసరాల్ని ఎలా కనిపెట్టుకోవాలో తల్లిదండ్రులకీ, వాళ్ళతో పనిచేసేవాళ్ళకీ చెప్పాలని అందులో ఉంది.

ఆసుపత్రికి రాలేనివాళ్ళు. మన దగ్గర దాదాపు అందరూ వాళ్ళే. అందుకే ఈ పిల్లల్ని కనిపెట్టవలసింది విశాఖపట్నంలో కాదు. అమ్మమ్మ వంటింట్లో, బళ్ళో, ట్యూషన్‌లో, పక్కింటి అరుగుమీద. నేనివాళ ముఖ్యంగా మాట్లాడుతున్నది ఆ అమ్మమ్మలతో, మేస్టార్లతో, టీచరమ్మలతో, ఆశా కార్యకర్తలతో.

ఆ నాలుగేళ్ళవాడి దగ్గరికి వెళ్దాం. వాడి బుర్రలో ఏం నడుస్తుందో పెద్దవాళ్ళకి ఊహకందదు. ఆ వయసులో పిల్లలకి లోకంలో జరిగేవన్నీ తమ వల్లే జరుగుతాయనిపిస్తుంది. అన్నయ్యకి జ్వరం వచ్చే ముందురోజు వాడు బ్యాటు కోసం అన్నయ్యని తోసేశాడు. అన్నయ్య పడ్డాడు, ఏడ్చాడు. మర్నాడు జ్వరం. ఆ తర్వాత ఆసుపత్రి. వాడి లెక్కలో ఇది చాలా సూటిగా ఉంది. నేను తోశాను, అన్నయ్యకి జబ్బు చేసింది, అమ్మ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. ఈ లెక్క వాడు ఎవరికీ చెప్పడు. చెబితే తిడతారు కదా. కానీ ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. అమ్మమ్మ కొంగు వదలడు. అంగన్‌వాడీకి వెళ్ళనని గుమ్మం పట్టుకుంటాడు. రాత్రి ఉలిక్కిపడి లేస్తాడు. అమ్మమ్మ ఏమంటుంది? "తల్లి దగ్గర లేదు కదా, బెంగెట్టుకున్నాడు, దిష్టి తీయించాలి" అంటుంది. దిష్టి తియ్యండి, తప్పు లేదు. కానీ తీసేటప్పుడు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పండి. "అన్నయ్యకి వచ్చింది ఒంట్లో రక్తానికి వచ్చిన జబ్బు. నువ్వు తోసినందుకు రాలేదు. నువ్వు తిట్టినందుకు రాలేదు. ఎవరో ఏదో చేసినందుకు రాలేదు." వాడు అడగకపోయినా చెప్పండి. ఒకసారి చెప్పి ఊరుకోకండి.

ఇక పెద్దపిల్ల. ఆ పిల్ల గురించి ఊరంతా మెచ్చుకుంటుంది. "బంగారుతల్లండి. తమ్ముణ్ణి చూసుకుంటుంది, అమ్మమ్మకి వంట చేసిపెడుతుంది, గేదెకి గడ్డి వేస్తుంది, ఒక్క మాట ఎదురు చెప్పదు." తల్లి ఫోన్ చేసి "బాగున్నావా?" అంటే "బాగున్నానమ్మా, నువ్వేం బెంగపడకు" అంటుంది. ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్ళిపోతుంది.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. గొడవ చేసే పిల్లని ఎవరైనా గుర్తిస్తారు. బళ్ళో కొట్టుకున్న పిల్లాడి గురించి మేస్టారు ఇంటికి కబురు పంపుతారు. అస్సలు గొడవ చెయ్యని పిల్లనే మనం పట్టించుకోం. ఆ పిల్ల తనకేం కావాలో అడగడం మానేసింది. అమ్మ కష్టంలో ఉంది, నాన్న అప్పుల్లో ఉన్నాడు, తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడు, ఇప్పుడు నా పరీక్ష ఫీజు గురించీ, నా పొత్తికడుపు నొప్పి గురించీ మాట్లాడితే సిగ్గుచేటు అనుకుంటుంది. ఆ పిల్లకి ఈమధ్యే నెలసరి మొదలై ఉండవచ్చు. దాని గురించి మాట్లాడుకోవడానికి అమ్మ లేదు. ఆ మంచితనం చూసి మనం నిశ్చింతగా ఉంటే పిల్ల ఒంటరిదై పోతుంది. ఉన్నట్టుండి మరీ బుద్ధిమంతురాలైపోయిన పిల్లని చూసి పెద్దవాళ్ళు కంగారుపడాలని నా నమ్మకం.

ఇంకా ఏం చూడాలంటే, తలనొప్పి, కడుపునొప్పి అంటూ మాటిమాటికీ చెప్పడం, డాక్టరు చూస్తే ఏమీ లేకపోవడం. ఇష్టమైన ఆట మానెయ్యడం. తిండి తగ్గడం, లేదా దొంగచాటుగా తినడం. మార్కులు పడిపోవడం మనకి తెలుస్తుంది. ఉన్నట్టుండి మార్కులు బాగా పెరగడం కూడా ఒక్కోసారి ఇంట్లోంచి పారిపోవడమే. స్నేహితులింటికి వెళ్ళకపోవడం. అద్దం ముందు నిలబడి ఒంటిమీద మచ్చలు వెతుక్కోవడం. ఇది చాలామంది పిల్లలు చేస్తారు, ఎవరికీ చెప్పరు. నాకూ వస్తుందా అన్న భయం అది. దానికి జవాబు సూటిగా ఉంది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా రాదు. పిల్లల క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం కారణమయ్యేవి సుమారు నూటికి పది. ఆ పదిలో ఉన్నారేమోనని అనుమానం ఉంటే డాక్టర్లే చెబుతారు, మిగతా పిల్లలకి పరీక్షలు చేస్తారు. ఏమీ చెప్పలేదంటే భయపడక్కర్లేదు. ఈ మాట పిల్లకి తెలియాలి. ఊరికీ తెలియాలి. ఎందుకంటే ఎనిమిదో తరగతి పిల్ల చెవిన "ఆ ఇంటి రక్తంలోనే ఉందట, రేపు పెళ్ళి ఎలా అవుద్దో" అన్న మాట పడుతుంది. కుళాయి దగ్గరో, చర్చి మెట్ల మీదో, గుడి మండపంలోనో ఎవరో అంటారు. అన్నవాళ్ళు మరిచిపోతారు. విన్న పిల్ల మరిచిపోదు. అలా మాట్లాడడం అబద్ధం చెప్పడమే, అదీ ఒక పిల్ల మీద.

ఎలా అడగాలి? ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీకేమైనా బాధగా ఉందా, చెప్పు" అంటే మన పిల్లలు చెప్పరు. "ఏం లేదు" అంటారు. పక్కపక్కన పనిచేస్తూ మాట్లాడితే నోరు విప్పుతారు. తల దువ్వి జడ వేస్తున్నప్పుడు, చిక్కుళ్ళు వలుస్తున్నప్పుడు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తున్నప్పుడు. అప్పుడు కూడా బాధ గురించి మొదలెట్టకుండా, ఈ ప్రశ్న అడగండి: "తమ్ముడికి ఏమైందని నువ్వనుకుంటున్నావే?" నాకు తెలిసినంతలో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదు. పిల్లకి ఏం చెప్పారో అనవసరం, పిల్ల ఏం అనుకుంటోందో బయటికొస్తుంది. వచ్చాక, "ఛ, అలా అనుకోకూడదు" అనకండి. "అలా అనుకున్నావా? ఎప్పటినించి?" అనండి.

ఆస్ట్రేలియాలో క్యాన్‌టీన్ అనే సంస్థ 1985 నుంచి క్యాన్సర్ తాకిన యువతతో పనిచేస్తోంది. తోబుట్టువుల అవసరాలు తెలుసుకోవడానికి అక్కడి పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు, పన్నెండేళ్ళు దాటినవాళ్ళ కోసం. మొత్తం 45 ప్రశ్నలు, ఏడు వర్గాలు. జబ్బు గురించిన సమాచారం, మనసులోని భావాలతో తంటాలు, ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకోవడం, జబ్బుపడ్డవాళ్ళతో అనుబంధం, స్నేహితుల తోడు, చేతిసాయం, కాస్త తెరిపీ ఆటా. నన్నడిగితే ఈ ఏడింటిలో మన ఇళ్ళల్లో అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది ఆ చివరిది, ఆట. తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే నువ్వు కబడ్డీ ఆడుతున్నావా అని ఎవరూ నోటితో అనక్కర్లేదు, చూపు చాలు. సంక్రాంతి వచ్చింది, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరంతా వెళ్తుంది, ఆ ఇద్దరు పిల్లలు మాత్రం ఇంట్లో. ఆ రోజు పొరుగింటి బాబాయి వచ్చి "అమ్మమ్మా, పిల్లల్ని మాతో పంపించండి, సాయంత్రానికి దింపేస్తాం" అంటే, అది వైద్యమే. పిల్లలు నవ్వితే తమ్ముడిమీద ప్రేమ తగ్గినట్టు కాదని పెద్దవాళ్ళెవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి.

నిజం ఎంత చెప్పాలన్నది చాలామంది అడుగుతారు. పసివాళ్ళకి క్యాన్సర్ అన్న మాట చెప్పడమెందుకని. పిల్లలకి మాట వినబడుతూనే ఉంటుంది. ఫోన్లో మావయ్యతో అమ్మ ఏడుస్తూ అన్నది విన్నారు. బళ్ళో ఎవడో, "మీ తమ్ముడికి క్యాన్సరంట కదా, చచ్చిపోతాడంట కదా" అన్నాడు. సినిమాల్లో క్యాన్సర్ అంటే రక్తం కక్కుకుని పోవడమే చూశారు. మనం చెప్పకపోతే వాళ్ళు ఆ సినిమానే నమ్ముతారు. అంచేత వయసుకు తగ్గట్టు, చిన్న చిన్న మాటల్లో, జబ్బు పేరుతో సహా చెప్పడమే మేలు. "దీన్ని బ్లడ్ క్యాన్సర్ అంటారు. గట్టి మందులున్నాయి. ఆ మందులకి జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. చాలాకాలం పడుతుంది. డాక్టర్లు తగ్గించాలనే చూస్తున్నారు." తగ్గిపోతుందని ఒట్టు పెట్టకండి. "తమ్ముడు చచ్చిపోతాడా" అని అడిగితే, "మాకూ భయంగానే ఉందమ్మా. ఇప్పుడైతే మందు పనిచేస్తోందన్నారు. ఏదైనా మారితే నీకు మేమే చెబుతాం, ఎవరో చెప్పగా వినే పని ఉండదు" అనండి. ఆఖరి మాట మీద నిలబడండి.

తల్లిదండ్రులకి రోజుకి పది నిమిషాలు చాలు. రాత్రి ఒక టైముకి వీడియో కాల్. ఆ పది నిమిషాల్లో మొదటి అయిదు నిమిషాలు ఇంటి దగ్గరున్న పిల్లల గురించే. ఇవాళ బళ్ళో ఏమైంది, ఎవరితో పోట్లాడావు, కూరేం చేశారు. తమ్ముడి సంగతి తర్వాత. తండ్రి వారానికోసారి డబ్బుకోసమో బట్టలకోసమో ఊరు వస్తాడు. ఆ రాత్రి పెద్దపిల్ల చదువుకుంటుంటే పక్కన కూర్చోవచ్చు. అప్పులవాళ్ళని కలవడం తెల్లారాక చూసుకోవచ్చు. కువైట్‌లో పనిచేస్తున్న తల్లులున్న ఇళ్ళు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. ఆ ఇళ్ళల్లో పిల్లలు ముందే ఒక ఎడబాటు మోస్తూ ఉంటారు, ఇది రెండోది. వాళ్ళని రెండింతలు కనిపెట్టాలి.

ఒక్కసారైనా ఆ పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్ళండి. ఇన్ఫెక్షన్ల భయంతో వార్డులోకి చిన్నపిల్లల్ని రానివ్వకపోవచ్చు. బయట నుంచైనా, చెట్టు కిందైనా కలవనివ్వమని నర్సుల్ని అడగండి. అమ్మ ఎక్కడ పడుకుంటోంది, అన్నం ఎక్కడ తింటోంది, తమ్ముడి చేతికి ఆ గొట్టం ఎందుకు పెట్టారు. కళ్ళతో చూసిన ఆసుపత్రి ఊహించుకున్న ఆసుపత్రి కన్నా తక్కువ భయపెడుతుంది.

ఇక తమ్ముడు ఇంటికొస్తాడు. అందరూ కష్టం గడిచిందనుకుంటారు. నిజానికి మిగతా పిల్లలకి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. గుండు చేయించినట్టున్న తల, ఉబ్బిన బుగ్గలు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే రోజుల్లో విపరీతమైన ఆకలి, విపరీతమైన కోపం. అన్నం పెట్టిన గంటకి మళ్ళీ అన్నం. అక్కని కొరికాడు, చిన్నవాడి బొమ్మ విరగ్గొట్టాడు. ఎవరూ వాణ్ణి ఏమీ అనరు. "పోనీలే, వాడికి బాగాలేదు కదా, నువ్వే సర్దుకో." చూడ్డానికొచ్చిన చుట్టాలు వాడికి హార్లిక్స్ సీసా, యాపిల్స్, రిమోట్ కారు తెస్తారు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెస్తారు, వాడి చేతిలోనే పెడతారు. వాడేమో తినకూడదు. డబ్బా పైన అలమరలోకి వెళ్తుంది. మిగతా ఇద్దరూ చూస్తూ నిలబడతారు. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళకి నా మనవి. మిగతా పిల్లలకి కూడా ఏదైనా, పది రూపాయలదైనా సరే, వాళ్ళ పేరు పెట్టి పిలిచి చేతికివ్వండి. ముందు వాళ్ళనే పలకరించండి, తమ్ముడెలా ఉన్నాడని కాకుండా, నువ్వెలా ఉన్నావమ్మా అని. ఇంట్లోవాళ్ళకి ఒక మాట: కొరకడం కొరకడమే. మందు వల్ల కోపం వస్తుందని పిల్లలకి చెప్పండి, అదే సమయంలో జబ్బువాడికీ హద్దు పెట్టండి. హద్దు ఉన్న ఇంట్లోనే తమకింకా చోటుందని మిగతా పిల్లలకి తెలుస్తుంది.

అసూయ పాపం కాదు. "నాకూ జబ్బు వస్తే బాగుండు" అని ఒక పిల్ల అంటే లెంపకాయ కొట్టకండి. నాకూ అమ్మ కావాలి అన్నదానికి ఆ పిల్లకి దొరికిన మాట అది.

ఈ దశలో ఒక ప్రమాదం చెప్పాలి. కీమో తీసుకుంటున్న పిల్లాడికి ఆటలమ్మ సోకితే చాలా ప్రమాదం. మనలో అమ్మవారు పోసిందంటాం. బడికి వెళ్ళే అక్కకి పోస్తే ఆ పిల్లని వెంటనే దూరంగా ఉంచాలి, జబ్బు పిల్లాడి సంగతి ఆరోజే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. ఇది తప్పదు. కానీ రాత్రికి రాత్రి ఆ పిల్లని బట్టల సంచితో పెద్దమ్మగారింటికి పంపేసేటప్పుడు, "నీ వల్ల తమ్ముడికేమైనా అయితే" అన్న మాట నోటినుంచి రానివ్వకండి. ఆ పిల్ల ఎలాగూ అదే అనుకుంటోంది. "ఇది ఎవరికైనా వస్తుంది. నీ తప్పేం లేదు. పదిహేను రోజుల్లో నేనే వచ్చి తీసుకొస్తాను" అనండి. చెప్పిన రోజుకి వెళ్ళండి.

కొందరికి ఎముక మజ్జ మార్పిడి అవసరమవుతుంది. హైదరాబాదులోనో వెల్లూరులోనో అక్క రక్తం, తమ్ముడి రక్తం పరీక్షిస్తారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒకరి మజ్జ ఇంకొకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. సరిపోకపోతే, నేను పనికిరాలేదు అనుకుంటుంది పిల్ల. సరిపోయి, మార్పిడి తర్వాత కూడా తమ్ముడు దక్కకపోతే, నా మజ్జే మంచిది కాదు అనుకుంటుంది. ఈ రెండూ పరీక్షకు ముందే మాట్లాడాలి. సూది నొప్పి గురించి పిల్ల భయపడితే భయపడనివ్వండి. త్యాగమూర్తి అని సన్మానం చెయ్యకండి.

మేస్టార్లకి, టీచరమ్మలకి. మీ క్లాసులో ఇలాంటి పిల్ల ఉంటే హెడ్‌మాస్టరుకీ, క్లాస్ టీచరుకీ తెలిసేలా చూడండి. ప్రార్థన సమయంలో స్టేజి మీద నిలబెట్టి చందాలు వసూలు చెయ్యకండి. సాయం ఎంత అవసరమైనా, ఆ పిల్ల పేరు చెప్పకుండా చెయ్యొచ్చు. హోంవర్క్ చెయ్యకపోతే కారణం తెలుసుకున్నాకే కోప్పడండి. రోజూ ఒక్కసారి, ఏ పుస్తకాల మీదో మాట్లాడుతూ, "రాత్రి ఫోన్ చేసిందా అమ్మ?" అని అడగండి. ఒక స్నేహితురాలిని ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టండి. చదువు మానిపిద్దామని ఇంట్లో మాట వచ్చిందా అన్నది కనిపెట్టి ఉండండి. వంటకీ, పసివాడికీ మనిషి కావాలి కాబట్టి ఆడపిల్ల బడి ఆపేస్తారు. ఒక ఏడాది అంటారు. ఆ ఏడాది తర్వాత పిల్ల తిరిగొచ్చేది తక్కువ.

పిల్లాడు దక్కకపోతే. ఆ రోజు గురించి కూడా మాట్లాడక తప్పదు. మన ఊళ్ళల్లో మిగతా పిల్లల్ని ఆ సమయానికి ఎక్కడికో పంపేస్తారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి తమ్ముడి మంచం లేదు, బట్టలు లేవు, బ్యాటు లేదు, ఎవరూ పేరెత్తరు. "ఊరెళ్ళాడు" అంటారు. "నిద్రపోయాడు" అంటారు. అప్పటినించి చిన్నవాడు నిద్రంటే భయపడతాడు. చనిపోయాడనే చెప్పాలి. ఊపిరి ఆగిపోయింది, ఇక నొప్పి ఉండదు, ఇక రాడు. చూస్తానంటే చూడనివ్వాలి, వద్దంటే వదిలెయ్యాలి, పక్కన దగ్గరివాళ్ళు ఒకరుండాలి. కర్మ చేసే రోజున వాళ్ళకీ ఒక చిన్న పని ఇవ్వండి, పూలు తేవడమో, ఫొటో తుడవడమో. బ్యాటు చిన్నవాడి దగ్గరే ఉండనివ్వండి. ఆ తర్వాత ఏళ్ళలో కూడా, మీకెంతమంది పిల్లలు అని ఎవరైనా అడిగినప్పుడు ఏం చెప్పాలో ఇంట్లో అందరూ కలిసి ఒక మాట అనుకోండి. ఆ ప్రశ్న బళ్ళో ఆ పిల్లలకీ ఎదురవుతుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఇంట్లో మాటలతో ఆగకూడదు. రెండు మూడు వారాలకి పైగా నిద్ర లేకపోవడం, తిండి మానెయ్యడం, బడికి పూర్తిగా వెళ్ళకపోవడం, చేతులు కోసుకోవడం, "నేను కూడా చచ్చిపోతే బాగుండు" అనడం. చావు మాట పిల్ల నోట విన్నరోజు రేపటిదాకా ఆగకండి. ఆ పిల్లని ఒంటరిగా వదలకండి. దగ్గరున్న పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమ్మమ్మలు చేయవచ్చు, టీచర్లు చేయవచ్చు, ఆ పిల్లే చేయవచ్చు. పెన్ను దగ్గరుంటే రాసుకోండి, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 కూడా ఉంది.

ఆసుపత్రుల వాళ్ళు ఎవరైనా వింటుంటే వాళ్ళకి ఒక విన్నపం. పిల్లాణ్ణి చేర్చుకున్న రోజున రాసుకునే కాగితంలో ఇంకో రెండు గీతలు కలపండి. ఇంటి దగ్గర ఇంకా ఏ పిల్లలున్నారు, వాళ్ళ వయసెంత, ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు, వాళ్ళకి ఏం చెప్పారు. నెలకోసారి పరీక్షకొచ్చినప్పుడు మళ్ళీ అడగండి. తల్లి కీమో గురించి చెప్పుకుంటూ ఆగిపోతే, "పెద్దమ్మాయి ఎలా ఉందమ్మా?" అని మీరే అడగండి. తల్లి ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తుంది.